గోడవైపు మూల

కిందటి వారం మన కుర్చీలమ్మని మేనేజరు గది గుమ్మంలో నిలబెట్టి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. అందరినీ సుఖంగా కూర్చోబెట్టడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి, పాపం, వారం నుంచీ నిలబడే ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే ముందు ఆవిడ మోకాళ్లకే వైద్యం చేయించాల్సి వస్తుంది.

సంగతి ఇదీ. కుర్చీలమ్మ అసలు నడుంనొప్పులకీ మెడనొప్పులకీ వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు. తన దగ్గరికి వచ్చే నొప్పుల్లో సగానికి సగం ఆఫీసుల్లోనే పుడుతున్నాయని తెలిశాక, మనుషులు కుంటుకుంటూ వచ్చేదాకా ఆగడం దేనికని టేపు పుచ్చుకుని తనే ఆఫీసులకి బయల్దేరింది. కుర్చీ ఎంత ఎత్తుండాలి, మోచెయ్యి ఎక్కడ ఆనాలి, మానిటర్ కంటికి ఎంత దూరంలో ఉండాలి, అదే ఆవిడ లోకం. పెళ్లికి వెళ్లినా పెళ్లికూతురి కంటే ముందు ఆ పిల్ల కూర్చున్న కుర్చీ వైపు చూసే రకం.

ఇప్పుడు పని చేస్తున్నది ఒక టైపింగు ఆఫీసులో. డాక్టర్లు రోగుల వివరాలు నోటితో చెప్పి రికార్డు చేసి పంపిస్తారు. ఇక్కడివాళ్లు హెడ్‌సెట్ తగిలించుకుని అది విని టైపు చేసిపెడతారు. కాళ్ల దగ్గర ఒక పెడల్ ఉంటుంది. ముందుకి నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో నొక్కితే వెనక్కి వెళ్లి మళ్లీ వినిపిస్తుంది. ఆ హాల్లో అందరికంటే చురుకైన చెయ్యి కుర్చీలమ్మ ఆడపడుచుది. "మా మరదలు ఈ పనిలో ఆరితేరింది, ఒక్కసారి పిలిచి చూడండి" అని చెప్పి ఆమెకి ఇంత పెద్ద పని ఇప్పించింది కూడా ఆ వదినే.

కుర్చీలు వచ్చాయి, బల్లలు వచ్చాయి, అందరూ బాగుందన్నారు. బాగా లేదన్నది ఒక్క వదినే. అదీ చాటుగా కాదు, నిండు హాల్లో. "ఈ కుర్చీ వచ్చాకే నాకు పని సాగడం లేదండీ" అనేసింది. నిజంగానే ఆవిడ పని సగానికి పడిపోయింది. కుర్చీలమ్మ కుర్చీ ఎత్తు మార్చింది, కుర్చీ చేతులు పైకి లేపింది, మానిటర్ జరిపింది. ఏం చేసినా లాభం లేకపోయింది. చివరికి మేనేజరు పిలిచి గుమ్మంలోనే తేల్చేశాడు.

"లోపం కుర్చీదా, మనిషిదా? సాయంత్రంలోగా చెప్పండి. కుర్చీదైతే ఇవన్నీ వెనక్కి పంపేస్తాం. మీకిస్తామన్న పై అంతస్తుల పని వేరేవాళ్లకి ఇచ్చుకుంటాం. మనిషిదైతే మీ వదినగారికి విశ్రాంతి ఇచ్చేద్దాం. ఇన్నాళ్లు చేశారు, చాలు."

విశ్రాంతి అన్న మాట ఆయన ఎంత మెత్తగా అన్నాడంటే, వినేవాళ్లకి దిండు కూడా ఇస్తాడేమో అనిపిస్తుంది.

కుర్చీలమ్మ ఆ గుమ్మంలోంచి కదిలి నేరుగా హాల్లోకి వచ్చింది. భోజనాల వేళ. అందరూ కింద క్యాంటీన్‌లో ఉన్నారు. ఖాళీ కుర్చీలన్నీ బల్లల కిందికి బుద్ధిగా ఒదిగి ఉన్నాయి. వదిన సీటు కిటికీ పక్కన. హాల్లో అంత మంచి చోటు ఇంకోటి లేదు. పొద్దున్నించీ వెలుతురు, ఎదురుగా రోడ్డవతల చెట్ల తలలు, కుడివైపు గోడకి కొత్త ఏసీ. బంధువు కాబట్టి కుర్చీలమ్మే ఆవిడకి కట్టబెట్టిందని హాల్లో గుసగుసలు కూడా నడిచాయి. నడిస్తే నడవనీ అనుకుంది కుర్చీలమ్మ. ఏళ్ల తరబడి చీకటి మూలలో బీరువా పక్కన ఒదిగి కూర్చున్న మనిషికి ఈపాటి వెలుతురు బాకీ ఉందని ఆమె నమ్మకం.

ఆ మాట వదినతో అన్నప్పుడు ఆవిడ, "నాకు ఆ మూలే అలవాటు అమ్మాయ్, అక్కడే ఉండనీ" అంది. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా అంది. కుర్చీలమ్మ నవ్వేసి ఊరుకుంది. మొహమాటం అనుకుంది.

ఇప్పుడు ఆమె వదిన కుర్చీలో తనే కూర్చుంది. వేరేవాళ్లని కూర్చోబెట్టి చూడడం వేరు, మనం కూర్చుని చూడడం వేరు. పాదాలు నేలకి ఆనాయి. నడుము దగ్గర దిమ్మ సరిగ్గా నొక్కుతోంది. మోచేతులు కుర్చీ చేతుల మీద హాయిగా వాలాయి. పెడల్ అందుతోంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. తను చేసిన పనిలో తప్పు లేకపోవడం కూడా ఒక్కోసారి ఏడుపు తెప్పిస్తుందని ఆమెకి మొదటిసారి తెలిసింది.

ఊరికే చేతికి అందిందని బల్లమీది హెడ్‌సెట్ తీసింది. తీసినదాన్ని వెంటనే పెట్టేయలేకపోయింది.

చెవులకి ఆనే స్పాంజీలు రెండూ ఒకే రోజు కొన్నవి. ఎడమది కొత్తదానిలా ఉబ్బుగా ఉంది. కుడిది అణిగిపోయి అప్పడంలా అయింది. దానికి పై వైపున వేళ్లతో అదిమి పట్టుకున్న చోట గుంటలు పడి ఉన్నాయి. రోజుల తరబడి ఎవరో దాన్ని చెవికేసి గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప అలా కాదు. కుర్చీలమ్మ దాన్ని తలకి తగిలించుకుని పెడల్ నొక్కింది. డాక్టరు గొంతు కపాలం అదిరేలా మోగింది. ఉలిక్కిపడి తీసేసింది. శబ్దం ఎంతవరకు పెరుగుతుందో అంతవరకూ పెంచి ఉంది.

ఒక చెయ్యి చెవి మీద. ఇక టైపు చేసేది ఒక్క చేత్తో. మరి పని సగం కాక ఏమవుతుంది?

"నా సీట్లో ఏం చేస్తున్నావే?"

వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది. క్యాంటీన్ నుంచి అందరికంటే ముందు వచ్చేసినట్టుంది. కుర్చీలమ్మ చేతిలో హెడ్‌సెట్ చూడగానే మనిషి మొహం మారిపోయింది. గబగబా వచ్చి, దాన్ని లాక్కుని, బల్లమీద ఉండాల్సిన చోట పెట్టేసింది.

"వదినా, మీకు ఎడమ చెవి..."

"నెమ్మదిగా మాట్లాడు."

"ఎప్పట్నించి?"

వదిన తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చోవడం కూడా మరదలు తన కుడిచేతి వైపుకి వచ్చేలా చూసుకుని మరీ కూర్చుంది. ఇన్నేళ్లలో ఈ సర్దుకోవడం ఎన్నిసార్లు జరిగి ఉంటుందో. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆవిడ ఎప్పుడూ ఎడమ చివరే కూర్చుంటుంది. ఆ కుర్చీలో పొరపాటున ఎవరైనా కూర్చుంటే లేపేస్తుంది. ఇంటి పెద్ద కదా, అది ఆవిడ దర్జా అనుకునేవాళ్లు అందరూ.

"మీ పెళ్లికి ముందు ఏడాది జ్వరం వచ్చింది చూడు, దాంతో పోయింది. ఎడమది పూర్తిగా పోయింది. కుడిది శుభ్రంగా ఉంది. నాకేం తక్కువ కాలేదు. ఆ తరవాతే కదా నేను ఈ హాల్లో మొదటిదాన్ని అయింది!"

మీ పెళ్లికి ముందు. కుర్చీలమ్మకి ఒక సంగతి గుర్తొచ్చింది. కొత్తకాపురం రోజుల్లో ఒక సాయంత్రం, వెనకనించి "వదినా" అని ఎంత పిలిచినా ఈవిడ పలకలేదు. వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ అటు తిరిగే ఉండిపోయింది. ఆ రాత్రి మొగుడితో, "మీ అక్కకి ఎంత గర్వమండీ, పిలిస్తే పలకదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది తను. ఆ తరవాత చాలాకాలం అవసరమైతే తప్ప మాట్లాడలేదు. ఆ దూరం ఎప్పుడు తగ్గిందో గుర్తులేదుగానీ, పూర్తిగా పోలేదు. ఇన్నాళ్లూ ఒక మనిషిని గర్విష్ఠి అనుకుని బతికింది. ఆ మనిషికి తన పిలుపే వినపడలేదు.

"ఆ మూల ఉంది చూడు," వదిన చెప్పుకుపోతోంది, "అక్కడ నా కుడిపక్క గోడ. ఆ చెవి దగ్గర చీమ చిటుక్కుమనదు. హాల్లో గోల అంతా ఎడమపక్కే. అటు ఎంత గోల ఉంటే నాకేం, ఎలాగూ వినపడదు. ఇప్పుడు కుడిపక్క ఏసీ. వెనకాల కారిడార్. అవన్నీ ఈ ఒక్క చెవిలోనే పడుతున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని వింటున్నా. ఎవరైనా వస్తే దించేస్తున్నా. నువ్వొస్తే మరీ తొందరగా దించేస్తున్నా."

"నాతో ఒక్క మాట అనుంటే..."

"అన్నాగా. ఆ మూలే ఉండనీ అన్నా."

కుర్చీలమ్మ అందరి కాళ్ల పొడుగూ కొలిచింది, మోచేతులు కొలిచింది, కంటి ఎత్తు కొలిచింది. ఒక మనిషి ఒక చోటుని వదలనంటే ఎందుకు వదలనంటోందో అడగలేదు. ప్రేమతో చేసిన పని కాబట్టి తప్పు చేస్తున్నానన్న అనుమానం కూడా రాలేదు. ప్రేమతో చేసే తప్పుల్లో ఉన్న చిక్కే అది, అవతలివాళ్లకి కాదనడానికి కూడా నోరు రాదు.

అయినా కోపం కూడా వచ్చింది. ఎందుకు రాదు?

"సరే, నేను అడగలేదు. మీరు మాత్రం? అందరి ముందూ నా కుర్చీని తిట్టారు. నా మొదటి పెద్ద పని ఇది వదినా. ఇది పోతే నన్ను ఇంకెవరు పిలుస్తారు? మీరే ఇప్పించి మీరే నా నోట్లో మట్టి కొట్టారు."

వదిన తల దించుకుంది. అది ఆవిడకి అలవాటు లేని పని. మెడ ఎలా వంచాలో తెలియనట్టు వంచింది.

"ఆ రోజు మేనేజరు అందరి ముందూ అడిగాడే, పని ఎందుకు తగ్గిందని. ఏదో ఒకటి చెప్పాలి. నోటికి కుర్చీ వచ్చింది. ఇక్కడ చేరాలంటే రెండు చెవులూ సరిగ్గా వినపడాలి, అది రూలు. నేను చేరినప్పుడు రెండూ వినపడ్డాయి. ఒకటి పోయాక చెప్పాల్సింది, చెప్పలేదు. ఒక్క తప్పు రాయలేదే నేను. ఒక్కటి కూడా. సరిగ్గా వినపడకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ విని రాస్తున్నా. అందుకే ఆలస్యం. పక్క బల్లలవాళ్లలో సగంమందికి పని నేర్పింది నేనే. ఇప్పుడు చెవిటిదాన్ని అని వాళ్ల ముందు నుంచి నడిచి వెళ్లమంటావా?"

"మిమ్మల్ని ఎవరు వెళ్లమన్నారు?"

"రూలు అంటుంది. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు. తప్పు కుర్చీదే అని చెప్పు. ఇవన్నీ వెనక్కి పంపిస్తారు, పాతవి వస్తాయి, మళ్లీ నా మూలకి నేను పోతా. నీకు ఇంకో ఆఫీసు దొరుకుతుంది. చిన్నదానివి. నాకు ఈ పని తప్ప ఇంకేం తెలుసే?"

కుర్చీలమ్మ ఎప్పుడూ ఈవిడ ఏడవగా చూడలేదు. ఇప్పుడూ ఏడవలేదు గానీ, కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, తుడిచినదాన్నే మళ్లీ తుడిచింది.

"మీ మూల ఇప్పుడు ఎక్కడుంది వదినా?" అంది కుర్చీలమ్మ మెల్లగా.

ఇద్దరూ అటు చూశారు. బీరువా ఎప్పుడో పోయింది. ఆ మూలలో గాజు పలకలు నిగనిగలాడుతున్నాయి. వాటి వెనక కొత్త బల్ల, నల్ల కుర్చీ. అది ఇప్పుడు మేనేజరుగారి గది.

ఆ గది గీత గీసింది కూడా కుర్చీలమ్మే. హాలు బొమ్మ బల్లమీద పరిచి, మీ గదిని హాలు గుమ్మం దగ్గర పెడదాం, గాలీ వెలుతురూ వస్తాయని చెప్పింది. ఆయన పెన్సిల్ మొన తీసుకెళ్లి ఆ చీకటి మూల మీద పెట్టి, "ఇక్కడ" అన్నాడు. "అక్కడ వెలుతురు రాదండీ" అంటే, "పరవాలేదు, ఇక్కడే" అన్నాడు. పెద్దవాళ్లకి ఉండే ముచ్చట్లలో ఇదొకటి అనుకుని గీసేసింది.

"కుర్చీది తప్పని చెప్పలేను వదినా," అంది చివరికి. "అలా చెప్తే అందరికీ మళ్లీ ఆ పాత చెక్క కుర్చీలు వస్తాయి. ఆ చివరి సీటావిడ నడుం ఇప్పుడిప్పుడే నిటారవుతోంది. మీ చెవి సంగతి కూడా నా నోట రాదు. మీమీద ఒట్టు."

"మరేం చెప్తావ్?"

"తెలీదు."

మెట్ల మీద అడుగుల చప్పుడు, నవ్వులు. భోజనాలు ముగించి జనం వచ్చేస్తున్నారు. వదిన లేచి తన కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ ముందు పెట్టుకుంది. కుర్చీలమ్మ గాజు గది వైపు నడిచింది.

మేనేజరు ఈసారి కూర్చోమన్నాడు. మనిషి చెడ్డవాడిలా ఉండడు. మాట తూచినట్టు మాట్లాడతాడు, గట్టిగా నవ్వడు, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో గుర్తుపెట్టుకుంటాడు.

"తేల్చారా? కుర్చీయా, మనిషా?"

"రెండూ కాదండీ. చోటు."

ఆయన కనుబొమలు కొంచెం లేచాయి.

"కుర్చీ సరిగ్గానే ఉంది. మనిషీ సరిగ్గానే ఉంది. ఆవిడని కూర్చోబెట్టిన చోటు తప్పు. ఆ తప్పు చేసింది నేను. ఆవిడకి పాత చోటు కావాలి."

"పాత చోటంటే?"

"మీరు కూర్చున్నదే."

బయట హాల్లో కీబోర్డుల చప్పుడు మొదలైంది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ కుర్చీ వాలు కూడా కుర్చీలమ్మే సరిచేసింది, ఆయన నడుముకి తగ్గట్టు.

"ఎందుకు?" అన్నాడు.

ఇదే అడుగుతాడని ఆమెకి తెలుసు. కిటికీ దగ్గర్నించి ఈ గది దాకా ఇన్ని అడుగులు నడిచి వచ్చింది గానీ, ఈ ఒక్క మాటకి జవాబు వెతుక్కోలేకపోయింది. నిజం చెబితే ఒట్టు తీసి గట్టున పెట్టినట్టు. అబద్ధం ఏదీ తోచడం లేదు. "అలవాటండీ" అని గొణిగింది.

"అలవాటు," అన్నాడాయన, ఆ మాటని నాలుక మీద పెట్టి రుచి చూస్తున్నట్టు. "ఆవిడనే అడుగుదాం."

లేచి గది తలుపు తీసి అక్కడే నిలబడి, "అమ్మా!" అని పిలిచాడు.

వదిన కిటికీ వైపు తిరిగి హెడ్‌సెట్ వైరు చిక్కు తీసుకుంటోంది. పలకలేదు. కుడిపక్క ఏసీ రొదపెడుతోంది. మేనేజరు మళ్లీ పిలిచాడు, ఇంకొంచెం గట్టిగా. ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు. వదిన మాత్రం వైరు ముడి విప్పుకుంటూనే ఉంది.

వెనకనించి చూస్తే అచ్చం ఆనాటి వంటింటి సాయంత్రమే. అదే వీపు, అదే నిలకడ.

"మీ వదినగారికి కాస్త గర్వం ఎక్కువనుకుంటా," అన్నాడు మేనేజరు, కుర్చీలమ్మ కళ్లలోకి చూస్తూ. "పిలిస్తే పలకరు."

ఔనండీ అంటే సరిపోతుంది. గర్వం ఎక్కువ, పాత చోటు పోయిందని అలిగింది, అంతే అంటే ఇవాళ్టికి గండం గడుస్తుంది. ఇన్నేళ్లు తను నమ్మిన మాటే కదా, కొత్తగా అబద్ధం కల్పించక్కర్లేదు కూడా. కుర్చీలమ్మ నోరు తెరిచింది. ఆ మాట మాత్రం రాలేదు. ఒకసారి అన్నది తప్పని తెలియడానికే ఇన్నేళ్లు పట్టింది, మళ్లీ అనడం ఆమె వల్ల కాలేదు.

"గర్వం కాదండీ," అంది. "మా వదినకి గర్వం లేదు."

అప్పుడు తిరిగింది వదిన. పిలుపు విని కాదు, హాల్లో అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి. గుమ్మంలో మేనేజరు, పక్కన కళ్లనిండా నీళ్లతో మరదలు. ఆ రెండు మొహాలు చూస్తే జరిగింది అర్థమవడానికి ఏ చెవీ అక్కర్లేదు. ఆవిడ హెడ్‌సెట్ బల్లమీద పెట్టి, లేచి నిలబడి, కొంగు సర్దుకుంది.

"మీరు పిలిచినట్టున్నారు. నాకు వినపడలేదండీ," అంది. హాలంతా వినపడేలా అంది. "నాకు ఒక చెవి పనిచేయదు. చాలా ఏళ్లయింది. చెప్పకపోవడం నా తప్పే. ఆ కుర్చీలో ఏ లోపమూ లేదు. మా మరదల్ని ఏమీ అనకండి."

కీబోర్డులన్నీ ఆగిపోయాయి. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆవిడ మొహంలోకి చూడలేక తమ వేళ్లు చూసుకుంటున్నారు. కుర్చీలమ్మకి వెళ్లి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది.

ఆమెకంటే ముందు మేనేజరే కదిలాడు. బల్లల మధ్యనించి నెమ్మదిగా నడిచి వదిన సీటు దాకా వెళ్లాడు. ఆవిడ ఎడమపక్క, ఆయన నడిచి వచ్చిన వైపే, బోలెడంత ఖాళీ ఉంది. అక్కడ ఆగలేదు. కుర్చీ చుట్టూ తిరిగి, ఏసీకీ ఆవిడకీ మధ్య ఉన్న ఇరుకులోకి ఒదిగి వెళ్లి, ఆవిడ కుడిపక్కన నిలబడ్డాడు. కొంచెం వంగి, "కూర్చోండమ్మా, మాట్లాడుకుందాం" అన్నాడు, ఎప్పట్లాగే మెత్తగా.

ఆ మూల మీద ఆయన ఆనించిన పెన్సిల్ మొన కుర్చీలమ్మ కళ్లముందు కదిలింది.

ఏ చెవి వినపడదో వదిన చెప్పనే లేదు.